చెమట ఆరట్లేదా? అయితే స్పీడు తగ్గించాల్సిందే!

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మే నెల మధ్యాహ్నం. అనంతపురంలో 40 డిగ్రీలు, ఎలమంచిలిలో 34. రెండు చోట్లా ఇద్దరు కుర్రాళ్లు ఒకే వేగంతో పరుగు తీస్తున్నారు. ఎవరి ఒళ్లు ఎక్కువ ఇబ్బంది పడుతుంది?

‘ఇంకెవరిది, అనంతపురం కుర్రాడిదే’ అనేస్తారు చాలామంది. కానీ ఒక్కసారి ఫోన్లో వెదర్ యాప్ తెరిచి, ఉష్ణోగ్రత కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘ఫీల్స్ లైక్’ అంకె చూడండి. అనంతపురం గాలిలో తేమ 25 శాతం ఉందనుకుంటే, ఆ 40 డిగ్రీలు ఒంటికి 41లా తెలుస్తాయి. ఎలమంచిలి గాలిలో తేమ 70 శాతం ఉంటే, ఇక్కడి 34 డిగ్రీలు ఒంటికి దాదాపు 47లా తెలుస్తాయి! పైగా ఈ లెక్క నీడలో, తాపీగా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసింది. ఎండలో స్టాప్‌వాచ్ పెట్టుకుని పరిగెత్తేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

అందుకే ఈ వారం మన కబుర్లు ఉక్కపోతలో పరుగు గురించి. ‘పొద్దున్నే లేచి పరిగెడుతున్నాం, ఎండే లేదు, మాకేం భయం?’ అనుకునేవాళ్లు ముఖ్యంగా చదవండి.

గ్రౌండ్‌లో ఎవరున్నారంటే...

అనకాపల్లి, తుని మధ్యలో హైవే పక్కనే ఉండే ఊరు ఎలమంచిలి. పక్కన అచ్యుతాపురం సెజ్, ఇంకాస్త ముందుకెళ్తే పూడిమడక తీరం. ఇలాంటి ఊళ్లలో తెల్లవారుజామున గ్రౌండ్‌కి వెళ్లి చూస్తే మూడు రకాల వాళ్లు కనిపిస్తారు. పొట్ట తగ్గించుకోవాలని వచ్చిన అన్నలు, బాబాయిలు ఒక రకం. నైట్ షిఫ్ట్ దిగి, నిద్రపోయే ముందు నాలుగు రౌండ్లు కొడదామని వచ్చిన కంపెనీ కుర్రాళ్లు రెండో రకం. మూడో రకం కానిస్టేబుల్ కోసమో అగ్నివీర్ కోసమో ‘ఈవెంట్స్’ ప్రాక్టీస్ చేసే అమ్మాయిలు, అబ్బాయిలు.

అసలు ఆందోళన ఈ మూడో రకం గురించే. మన రాష్ట్ర కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో అబ్బాయిలు 1600 మీటర్లని 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. అమ్మాయిలకి 10 నిమిషాల 30 సెకన్లు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చాక టైమ్ ఉండదు. ఇంట్లో అమ్మానాన్నల ఆశలన్నీ ఆ నాలుగు రౌండ్ల మీదే. అలాంటప్పుడు కాళ్లు వణుకుతున్నా, కళ్లు తిరుగుతున్నా ‘ఏటవుద్ది రా, ఇంకో రౌండే కదా’ అని లాగేస్తారు. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా ఆ ఇంకో రౌండులోనే.

కుండ చెప్పే సైన్స్

పరిగెత్తేటప్పుడు మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు కూడా పరుగుకి పనికిరాదు. మిగతాదంతా వేడిగా మారిపోతుంది. అంటే పరిగెత్తే మనిషి నడుస్తున్న పొయ్యి లాంటివాడు. ఆ వేడిని బయటికి పంపడానికి ఒంటికి ఉన్న పెద్ద ఆయుధం చెమట.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆవిరై ఆరిపోతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. అదే చెమట గడ్డం మీద నుంచి బొట్లు బొట్లుగా నేలమీద పడిందా, ఆ పని జరగదు. నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది.

మన ఇంట్లో మట్టికుండని గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలం పొడిగాలికి కుండ పైన చెమర్చిన నీరు ఆరిపోతూ ఉంటుంది కాబట్టి లోపలి నీళ్లు చల్లగా ఉంటాయి. వానాకాలంలో అదే కుండ, అవే నీళ్లు, కానీ అంత చల్లదనం రాదు. గాలిలో అప్పటికే తేమ నిండిపోయి ఉంటుంది కాబట్టి కుండ చెమట ఆరదు. సముద్రం పక్కన ఉండే మన ఒళ్లు ఎండాకాలంలో కూడా వానాకాలం కుండ లాంటిదే.

వాతావరణ శాఖ వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వడగాలుల ప్రకటనకి మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు ఉండాలన్న నియమం పెట్టి, తీర ప్రాంతానికి మాత్రం ఆ హద్దుని 37కే దించారు. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరగాలన్నది రెండు చోట్లా ఉన్న షరతే. టీవీలో ‘రెంటచింతలలో 45’ అని చూసి, ‘హమ్మయ్య, మన దగ్గర 36 మాత్రమే’ అని షూ లేసులు కట్టేసుకోకండి.

సూర్యుడు లేకపోయినా...

ఎండ లేకుండా ఉక్కపోత ఒక్కటే ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే దోహా వెళ్లాలి. 2019 సెప్టెంబరు 27న అక్కడ ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో మహిళల మారథాన్ పెట్టారు. పగటి ఎండకి భయపడి పోటీని రాత్రి 11 గంటల 59 నిమిషాలకి మొదలెట్టారు. సూర్యుడు లేడు. అయినా ఉష్ణోగ్రత 32 డిగ్రీల పైన, తేమ 70 శాతం పైన. బరిలోకి దిగింది 68 మంది. వాళ్లేమీ మనలా వారం నుంచి ప్రాక్టీస్ మొదలెట్టినవాళ్లు కాదు, ఒక్కొక్కరూ తమ దేశంలో పేరున్నవాళ్లే. అందులో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. చక్రాల కుర్చీల్లో, స్ట్రెచర్ల మీద తీసుకెళ్లిన వాళ్లని ప్రపంచమంతా చూసింది. గెలిచిన అమ్మాయికి 2 గంటల 32 నిమిషాలు పైనే పట్టింది. అప్పటివరకూ జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌ మహిళల మారథాన్లలో అంత నెమ్మదిగా ఎవరూ గెలవలేదు.

గెలుపు ఎందుకు నెమ్మదించింది? ఆ రాత్రికి ఎంత వేగం సరిపోతుందో ఆమె అంతే పరిగెత్తింది కాబట్టి. ఛాంపియన్లే గాలిని చూసి స్పీడు తగ్గించుకుంటే, మనకేం నామోషీ?

మన దేశంలో కూడా ఒక చేదు పాఠం ఉంది. 2024 ఆగస్టు 22న ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకి ఫిజికల్ టెస్టులు మొదలయ్యాయి. పోస్టులు 583, వచ్చినవాళ్లు లక్షల్లో. అబ్బాయిలు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తాలి. అర్ధరాత్రి నుంచే లైన్లో నిలబడి, నిద్ర లేక, సరైన తిండి లేక, ఆగస్టు ఉక్కపోతలో చాలామంది స్పృహ తప్పి పడిపోయారు. సెప్టెంబరు మొదటివారం వచ్చేసరికి వేర్వేరు కేంద్రాల్లో పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ప్రభుత్వం టెస్టుల్ని మూడు రోజులు ఆపింది. ఉదయం 9 దాటాక పరుగు పెట్టకూడదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. గమనించండి, అది మే నెల కాదు. రోహిణి కార్తె కాదు. వర్షాకాలం!

ఎప్పుడు పరిగెత్తాలి మరి?

తెల్లవారుజామే మంచిది. ఇందులో అనుమానం లేదు. కానీ ఎందుకు మంచిదో, ఎంతవరకు మంచిదో తెలియాలి. సూర్యోదయానికి ముందు ఉష్ణోగ్రత రోజు మొత్తం మీద తక్కువ. ఎండ తగలదు. కానీ గాలిలో తేమ శాతం మాత్రం అప్పుడే ఎక్కువ. మే నెలలో పొద్దున్నే 29 డిగ్రీలు, 85 శాతం తేమ ఉందనుకోండి. ఒంటికి అది 36లా తెలుస్తుంది. మధ్యాహ్నం 47తో పోలిస్తే ఎంతో నయం. కానీ ‘చల్లటి పొద్దు’ అనుకుని రికార్డులు కొట్టే సమయం కాదు.

సాయంత్రం నాలుగింటికి పరుగు వద్దు. మధ్యాహ్నమంతా కాలిన తారురోడ్డు, సిమెంటు ఆ వేడిని ఇంకా వదులుతూనే ఉంటాయి. ఎండ పూర్తిగా వాలాక, మట్టి గ్రౌండ్‌లో, గాలి ఆడేచోట అయితే పర్లేదు. గాలి ఆడితే చెమట ఆరుతుంది కాబట్టి ఆకు కదలని రోజుకంటే గాలి ఉన్న రోజు మన ఒంటికి మేలు.

వాతావరణాన్ని మీ ఒంటితోనే కొలిచే చిట్కా ఒకటుంది. పది నిమిషాలు తేలిగ్గా జాగింగ్ చేసి ఆగండి. మోచేతి మీద చెమట ఆరుతోందా, లేక ధారలు కడుతోందా? ధారలు కడుతూ, గాలి లేకపోతే ఆ రోజు టైమింగ్ ప్రాక్టీస్ మానేయండి. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగంతో పరిగెత్తండి. మాట తెగిపోతుంటే నడవండి. స్పీడు రౌండ్లు గాలి ఉన్న రోజుకి వాయిదా వేయండి. సిలబస్ ఒక్క రోజు ఆగినా కొంప మునగదు.

ఇలా సర్దుకోవడం పెద్ద పెద్ద పోటీల్లో కూడా జరుగుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మారథాన్‌ని వేడి భయంతో దాదాపు 800 కిలోమీటర్ల దూరంలోని సప్పొరోకి మార్చారు. అక్కడ కూడా వేడిగా ఉందని మహిళల పోటీని చివరి నిమిషంలో గంట ముందుకి జరిపారు. మన వైజాగ్ నేవీ మారథాన్‌నే చూడండి. పెట్టేది చలికాలంలో, మొదలయ్యేది చీకటి ఉండగానే.

చీకటి అంటే ఇంకో మాట. హైవే మీద, సర్వీస్ రోడ్డు మీద తెల్లవారుజామున పరుగు తీసేవాళ్లు లేత రంగు టీషర్టు, మెరిసే పట్టీ వేసుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు. బండ్లకి ఎదురుగా ఉండే వైపు పరిగెత్తండి. ఒంటరిగా అసలే వద్దు. దీని వెనక ఉన్న అసలు కారణం తర్వాత చెప్తాను.

మొదటి రెండు వారాలు బుద్ధిమంతుడిలా

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏసీ రూముల్లో ఉండి, సెలవులకి ఊరొచ్చి, మర్నాడే పాత స్నేహితులతో పాత స్పీడుతో పరిగెత్తేవాళ్లని చూస్తుంటాం. ఒళ్లు ఉక్కపోతకి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో లోపల చాలా మార్పులు జరుగుతాయి. రక్తంలో ద్రవం పెరుగుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది. చెమటలో ఉప్పు తగ్గుతుంది. అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఈ మార్పులు జరగకముందే ఒంటిని బాదితే దెబ్బ తగులుతుంది.

కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు మీ మామూలు దూరంలో సగం చాలు. ఆ తర్వాత రోజుకి కొంచెం కొంచెం పెంచండి. జ్వరం వచ్చి తగ్గినా, విరేచనాలు అయినా, ముందు రోజు రాత్రి పెళ్లిలో మేలుకున్నా, మందు తాగినా ఆ రోజు పరుగు సెలవు. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు ముందు నిద్రపోండి. రౌండ్లు ఎక్కడికీ పోవు.

ఏం తాగాలి? ఎంత తాగాలి?

మన ఉత్తరాంధ్రలో దీనికి జవాబు అమ్మమ్మల కాలం నుంచే ఉంది. చోడి అంబలి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, గంజి, కొబ్బరి బొండం. చెమటతో పోయేది నీళ్లూ ఉప్పే. వాటిని తిరిగి ఇచ్చేవి ఇవే. పరుగుకి గంట ముందు ఒక గ్లాసు నీళ్లు తాగండి. పరుగయ్యాక దాహం తీరేదాకా కొంచెం కొంచెంగా తాగండి. మూత్రం లేత పసుపులో ఉంటే ఒంట్లో నీళ్లు సరిపోయినట్టు. ముదురు రంగులో ఉంటే ఇంకా తాగాలి. టీ డికాక్షన్ రంగులోకి మారితే మాత్రం కండరాలు దెబ్బతిన్నాయేమో చూపించుకోవాలి. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అలాగని లీటర్లకి లీటర్లు ఉత్త నీళ్లు బలవంతంగా తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. ఎక్కువసేపు ప్రాక్టీస్ చేస్తే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని దానిమీద రాసినన్ని నీళ్లలో కలుపుకోండి. ఒక జాగ్రత్త. అట్టపెట్టెల్లో తియ్యగా ఉండే పానీయాలన్నీ ఓఆర్‌ఎస్ కావు. వీటిలో పంచదార ఎక్కువని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’ అని ఉందో లేదో చూసుకోండి.

అమ్మాయిలకి ఒక మాట. గ్రౌండ్ దగ్గర టాయిలెట్ లేదని ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. అది మీ తప్పు కాదు, కానీ దెబ్బ తగిలేది మీకే. నలుగురూ కలిసి దగ్గర్లోని బడినో, తెలిసినవాళ్ల ఇంటినో అడిగి పెట్టుకోండి. కోచింగ్ సెంటర్ వాళ్లని గట్టిగా అడగండి. ఫీజు కట్టేది మీరేగా!

ఈ షార్ట్‌కట్‌లు మనకొద్దు

ప్లాస్టిక్ కవర్లు, రెయిన్‌కోటు వేసుకుని పరుగు: బరువు తగ్గుతుందని చాలా రీల్స్‌లో చూపిస్తారు. తగ్గేది నీళ్ల బరువే, గ్లాసు నీళ్లు తాగగానే మళ్లీ వచ్చేస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు పోటీకి ముందు బరువు తగ్గించుకోవడానికి ఇలాంటి పద్ధతులు పాటించి కొద్ది వారాల తేడాలో చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల్లో రబ్బరు సూట్లు నిషేధించారు.

పరుగుకి ముందు పెయిన్‌కిల్లర్: పిక్కలు లాగుతున్నాయని మాత్ర వేసుకుని ఈవెంట్స్‌కి వెళ్లడం మామూలైపోయింది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి.

ప్రీ వర్కౌట్ పొడులు, ఎనర్జీ డ్రింకులు: అలసటని కప్పిపెడతాయి అంతే. ఒళ్లు ‘ఆగు’ అంటున్న మాట మనకి వినిపించదు.

ఇంకో ముఖ్యమైన విషయం ఏజెన్సీ నుంచి కోచింగ్‌కి వచ్చే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. మన్యంలో సికిల్ సెల్ సమస్య ఉంది. జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఒక్కటి మోస్తున్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ వేడిలో ఆగకుండా గట్టిగా పరిగెత్తితే ఉన్నట్టుండి కుప్పకూలే ప్రమాదం వాళ్లకి ఎక్కువ. అమెరికాలో 2006లో ఇలా ఒక ఫుట్‌బాల్ ఆటగాడు చనిపోయాక, 2010 నుంచి పెద్ద కాలేజీ జట్లలో ఈ పరీక్ష పెట్టారు. మన దేశంలో 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు. ఒక్కసారి చేయించుకోండి. పాజిటివ్ వచ్చినంత మాత్రాన పరుగు మానక్కర్లేదు. మధ్య మధ్యలో ఆగుతూ, నీళ్లు తాగుతూ, నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. అలాగే పరుగులో ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా, గుండె డాక్టర్‌కి చూపించుకున్నాకే ప్రాక్టీస్.

చెమట పడుతున్నా వడదెబ్బే!

వడదెబ్బ అనగానే మనకి ముసలివాళ్లు, ఎండలో పనిచేసే కూలీలు గుర్తొస్తారు. 2015 మేలో మన రాష్ట్రంలో వడగాలులకి 1,300 మందికి పైగా చనిపోయినప్పుడు పేపర్లలో చదివింది ఎక్కువగా వాళ్ల గురించే. పరుగులో వచ్చే వడదెబ్బ వేరే రకం. అది కుర్రవాళ్లకి, గట్టిగా ఉన్నవాళ్లకి వస్తుంది. గంటల్లో కాదు, నిమిషాల్లో ముదురుతుంది.

అన్నిటికంటే మోసం చేసేది ఒకటుంది. ‘వడదెబ్బ అయితే ఒళ్లు పొడిబారుతుంది, వీడికి చెమటలు కారుతున్నాయి, కాబట్టి నీరసమే’ అనుకుంటారు. పరుగులో వడదెబ్బ తగిలినవాళ్లకి చెమట కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది చర్మాన్ని కాదు, ప్రవర్తనని. తూలుతున్నాడా? తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడా? అకారణంగా కోప్పడుతున్నాడా? ఏ రౌండులో ఉన్నాడో చెప్పలేకపోతున్నాడా? ఫిట్స్ వచ్చాయా, పడిపోయాడా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వడదెబ్బే అనుకోండి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటేసి ఉంటుంది. చంకలో థర్మామీటరు పెట్టి చూస్తూ కూర్చోవద్దు, అది నిజం చెప్పదు.

ఒంటరిగా పరిగెత్తొద్దు అన్నది ఇందుకే. మెదడు వేడెక్కినవాడికి తనకేదో అవుతోందని తెలీదు. ‘బాగానే ఉన్నాన్రా’ అంటాడు. ఆపాల్సింది పక్కవాడే.

ముందు చల్లబరచండి, తర్వాతే బండి

అమెరికాలో ఫాల్మౌత్ అనే సముద్రతీర ఊళ్లో ఏటా ఆగస్టులో 11 కిలోమీటర్ల పరుగు పోటీ జరుగుతుంది. దూరం తక్కువ కాబట్టి అందరూ గట్టిగా లాగుతారు, గాలిలో ఉక్క. అందుకే వడదెబ్బలు ఎక్కువ. 1978లో అక్కడ ఆల్బెర్టో సలజార్ అనే 20 ఏళ్ల కుర్రాడు గీత దాటి కుప్పకూలాడు. ఒంటి వేడి 107 డిగ్రీల ఫారన్‌హీట్. ఐసు నీళ్ల తొట్టిలో పడుకోబెట్టారు. బతికాడు. రెండేళ్లకి న్యూయార్క్ మారథాన్ గెలిచాడు.

ఆ పోటీలో 18 ఏళ్ల రికార్డుల్ని పరిశోధకులు 2015లో బయటపెట్టారు. వడదెబ్బ తగిలి, చల్లటి నీళ్లలో ముంచి చికిత్స చేసినవాళ్లు 274 మంది. అందులో చనిపోయినవాళ్లు ఎంతమంది? ఒక్కరు కూడా లేరు! ఖరీదైన మందులేమీ లేవు. గీత దాటగానే తొట్టి ఉంది, నీళ్లున్నాయి, ఐసుంది, ఏం చేయాలో తెలిసిన మనుషులున్నారు. అంతే.

మొదటి అరగంటే కీలకం. ఆ అరగంటలో ఒంటి వేడి తగ్గిస్తే మెదడు, కిడ్నీలు, లివర్ బతుకుతాయి. మన దగ్గర జరిగేదేంటి? పడిపోయినవాడి చుట్టూ మూగుతాం. మొహాన నీళ్లు చల్లుతాం. ఆటో కోసం పరిగెడతాం. ఆటోలో ఇద్దరం పట్టుకుని కూర్చుంటాం. ఆ ప్రయాణంలోనే అరగంట కరిగిపోతుంది.

ఇలా చేయండి:

ఒకరు 108కి ఫోన్ చేయాలి. మిగతావాళ్లు ఆ క్షణం నుంచే చల్లబరచడం మొదలెట్టాలి. నీడలోకి తీసుకెళ్లి షూ, సాక్సులు, టీషర్టు తీసేయండి.

పెద్ద నీళ్ల తొట్టి ఉంటే మెడ వరకు నీళ్లలో ఉంచండి. తల పైకి పట్టుకుని ఒకరు వెనకే ఉండాలి. ఐసు దొరికితే వేయండి.

తొట్టి లేదా? టార్పాలిన్ పట్టా పరిచి, దానిమీద పడుకోబెట్టండి. నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుంటే అదే తొట్టి అవుతుంది. నాలుగైదు బిందెల చల్లటి నీళ్లు, దొరికినంత ఐసు పోసి, పట్టాని అటూ ఇటూ మెల్లగా ఊపుతూ ఉండండి. ధాన్యం కప్పే పట్టా మన ఊళ్లలో లేని ఇల్లుందా? పూడిమడక లాంటి చేపల రేవు దగ్గర్లో ఉంటే ఐసుకి కరువా?

అదీ లేకపోతే బోరు గొట్టం కింద పెట్టండి. తడి గుడ్డలు తల మీద, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో వేసి నిమిషానికోసారి మారుస్తూ విసరండి.

స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవి పెట్టొద్దు. పారాసెటమాల్ వేయొద్దు, ఇది జ్వరం కాదు, ఆ మాత్ర దీనికి పనిచేయదు. ఊపిరి ఆడకపోతే, నాడి అందకపోతే మాత్రం అన్నీ ఆపి వెంటనే ఛాతీ నొక్కడం మొదలెట్టండి.

తేరుకుని మామూలుగా మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపల కిడ్నీలు, లివర్ ఎలా ఉన్నాయో రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత కనీసం వారం పాటు పరుగు బంద్. మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఈ వారం హోంవర్క్

మీ ప్రాక్టీస్ బ్యాచ్‌కి ఒక వాట్సాప్ గ్రూప్ ఎలాగూ ఉంటుంది. ఇది అందులో పెట్టండి. తర్వాత ముగ్గురికి మూడు పనులు పంచండి. ఒకరు పాత టార్పాలిన్ పట్టా తేవాలి. ఒకరు నీళ్ల డ్రమ్ము నింపే పూచీ తీసుకోవాలి. ఇంకొకరు రోజూ పొద్దున్న ‘ఫీల్స్ లైక్’ అంకె గ్రూప్‌లో పెట్టి, ‘ఇవాళ టైమింగా, జాగింగా’ అని తేల్చాలి. అందరూ కలిసి ఒక ఒప్పందం చేసుకోవాలి: ఎవరైనా ‘ఆగరా’ అంటే ఆగిపోవాలి, తర్వాతే వాదన.

ఖర్చు లెక్కేస్తే ఒక జత షూ ధరలో సగం కూడా అవ్వదు. ఆ పట్టా ఏడాదంతా మడత విప్పకుండా ఉండిపోతే అంతకంటే సంతోషం ఏముంది? ఉద్యోగానికి ఈ ఏడాది కాకపోతే మరో నోటిఫికేషన్ వస్తుంది. మీ కోసం ఇంటి దగ్గర చోడి అంబలి కాచి పెట్టి ఎదురుచూసే అమ్మకి మాత్రం మీరు ఒక్కరే.